నీలిరంగు తూకం: డయాలసిస్ రోగి ఎముకకు సుబ్బారావు అందించిన కొలతలు

డయాలసిస్ చేయించుకునేవారి నెలవారీ రక్తపరీక్ష కాగితంలో హిమోగ్లోబిన్, క్రియాటినిన్, పొటాషియం దాటాక ఎక్కడో కింద ‘సీరం ఫాస్ఫరస్’ అని ఒక వరస ఉంటుంది. రోగి ముందు క్రియాటినిన్ చూసుకుంటాడు, ఇంట్లోవాళ్ళు హిమోగ్లోబిన్ చూస్తారు. ఫాస్ఫరస్ దాకా వచ్చేవాళ్ళు తక్కువ. కానీ డయాలసిస్ మీద ఏళ్ళ తరబడి బతకాల్సిన మనిషి తన కాళ్ళ మీద తాను నడుస్తాడా, తుంటి విరిగి మంచాన పడతాడా అన్నది చాలావరకు ఆ అంకె మీదా, దానికి తోడుండే కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) అంకెల మీదా ఆధారపడి ఉంటుంది.

రక్తంలోని ఫాస్ఫరస్‌ను నమ్మకంగా, తేలిగ్గా, నిమిషాల్లో కొలిచే పద్ధతిని లోకానికి ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రెండోవారు హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆయనకు మార్గదర్శి అయిన సైరస్ ఫిస్కే. 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో అచ్చయిన ఆ పత్రం దశాబ్దాల పాటు జీవరసాయన శాస్త్రజ్ఞుల బల్లల మీద నలిగింది. సుబ్బారావు పేరు వినగానే మనకు ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు, ఆరియోమైసిన్ గుర్తుకొస్తాయి. ఫాస్ఫరస్ కొలత గురించి మాత్రం ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’ అన్న పేరు చెప్పి ముందుకు వెళ్ళిపోతాం. ఆ పద్ధతిలోని పనితనాన్ని దగ్గరగా చూపించడానికీ, డయాలసిస్ రోగి ఎముకకు అదెంత అవసరమో చెప్పడానికీ ఈ వ్యాసం. ఎముకను చదవడానికి వైద్యులు వాడే రెండో కొలత కూడా సుబ్బారావు నడిపిన పరిశోధనశాల నుంచి మొదలైందే. దాని సంగతీ చెప్పుకుందాం.

కిడ్నీ ఆగితే ఎముకకేం?

ఎముక ఒకసారి గట్టిపడి అలాగే ఉండిపోయేది కాదు. పెద్దవయసులోనూ నిత్యం కరుగుతూ, మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను తవ్వేస్తాయి. ఆస్టియోబ్లాస్టులనే కణాలు ఆ గుంటలో ముందు కొల్లాజెన్ పొర పరుస్తాయి. ఆ పొరలో కాల్షియం, ఫాస్ఫేట్ చేరి గట్టిపడితే కొత్త ఎముక అవుతుంది. ఒంట్లో ఉన్న మొత్తం ఫాస్ఫరస్‌లో దాదాపు 85 శాతం ఎముకల్లోనే ఉంటుంది. రక్తంలో తిరిగేది ఒక శాతం కూడా ఉండదు. ఆ కొద్దిపాటి మొత్తాన్నే శరీరం ఎంతో జాగ్రత్తగా హద్దులో ఉంచుకుంటుంది. పెద్దవాళ్ళలో డెసిలీటరుకు సుమారు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు ఆ హద్దు.

ఆ హద్దు కాపాడే పనిలో పెద్ద వాటా కిడ్నీలది. తిండి ద్వారా వచ్చిన ఫాస్ఫరస్‌లో మిగులును మూత్రంలో పంపేస్తాయి. విటమిన్ డి పని చేయాల్సిన చివరి రూపాన్ని తయారుచేసేదీ కిడ్నీలేనని 1970లో కేంబ్రిడ్జిలో ఫ్రేజర్, కొడిచెక్ చూపించారు. కిడ్నీ చెడితే ఈ రెండు పనులూ ఒకేసారి దెబ్బతింటాయి. ఫాస్ఫరస్ బయటికి పోదు. విటమిన్ డి చురుకైన రూపం తగ్గుతుంది కాబట్టి పేగుల నుంచి కాల్షియం సరిగా అందదు. ఫాస్ఫరస్‌ను బయటికి నెట్టాలని ఎముక కణాలే ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతాయి. అది విటమిన్ డి తయారీని ఇంకా తగ్గిస్తుంది. మెడలో థైరాయిడ్ వెనక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు రక్తంలో కాల్షియం పడిపోకుండా చూడాలని పీటీహెచ్‌ను పెంచేస్తాయి. పీటీహెచ్ ఎముకను కరిగించి కాల్షియాన్ని రక్తంలోకి తెస్తుంది, దాంతో పాటు ఫాస్ఫరస్ కూడా వస్తుంది. ఆరోగ్యవంతుడిలో ఆ ఫాస్ఫరస్ మూత్రంలో పోయేది. కిడ్నీ పని చేయని మనిషిలో అది రక్తంలోనే మిగిలి, గ్రంథులను మళ్ళీ రెచ్చగొడుతుంది.

ఇలా ఏళ్ళు గడిస్తే గ్రంథులు ఉబ్బుతాయి. ఎముక లోపల గుల్లబారి, మజ్జ ఉండాల్సిన చోట పీచు పేరుకుంటుంది. ఒళ్ళు నొప్పులు, దురద, తొడల్లో బలం లేకపోవడం, చిన్న తూలుకే విరిగే ఎముక, ఇవన్నీ అక్కడి నుంచే. ఎముకలో నిలవని కాల్షియం, ఫాస్ఫరస్ రక్తనాళాల గోడల్లో చేరి వాటిని గట్టిపరుస్తాయి. డయాలసిస్ రోగుల్లో గుండె జబ్బులు అంత ఎక్కువగా ఉండడానికి ఇదీ ఒక కారణం. అందుకే ఇప్పుడు వైద్యులు దీన్ని ఒక్క ఎముకల జబ్బుగా చూడకుండా ఖనిజాలు, ఎముక, రక్తనాళాలు మూడూ కలిసిన రుగ్మతగా లెక్కిస్తున్నారు.

ఈ కథ ఇంత స్పష్టంగా చెప్పగలగడానికి ముందు ఒకటి కావాలి. కొద్దిపాటి రక్తంలో ఎంత ఫాస్ఫరస్ ఉందో ఇవాళ, రేపు, వచ్చే నెల ఒకే తీరుగా కొలవగలగాలి. సుబ్బారావు చేయి పడింది అక్కడే.

రంగు నిలవాలి, త్వరగా రావాలి

సుబ్బారావు బోస్టన్ చేరేనాటికి రక్తంలోని ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే ప్రయత్నాలు మొదలై కొన్నేళ్ళయింది. 1920లో సెయింట్ లూయిస్‌లో బెల్, డాయిసీ ఒక పద్ధతి ఇచ్చారు. ఆ డాయిసీయే విటమిన్ కె మీద పనికి 1943 నోబెల్ అందుకున్న ఎడ్వర్డ్ డాయిసీ. సూత్రం మంచిదే కానీ క్షార ద్రావణంలో పుట్టిన ఆ రంగు త్వరగా వెలిసిపోయేది. 1922లో బ్రిగ్స్ దాన్ని ఆమ్లంలోకి మార్చాడు. రంగు నిలిచింది కానీ రావడానికి చాలాసేపు పట్టేది. కొలిచేవాడికి రెండూ ఇబ్బందే. వెలిసిపోయే రంగును చదివితే ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది. పూర్తిగా రాకముందే చదివినా అంతే. పైగా రక్తం నుంచి వచ్చిన నమూనాలో ఫాస్ఫరస్‌తో పాటు ఇంకా చాలా ఉంటాయి. వాటిలో ఏది రంగును ఆపుతుందో, ఏది తొందరపెడుతుందో తెలియకపోతే అంకెకు విలువ లేదు.

ఫిస్కే, సుబ్బారావు చేసిన పనిని ఒక సీరం నమూనా వెంట నడిచి చూద్దాం.

ముందు ఒక వంతు సీరంలో నాలుగు వంతులు ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం కలుపుతారు. మాంసకృత్తులన్నీ తెల్లగా గడ్డకట్టి కిందికి దిగుతాయి. వాటిని ఫిల్టరు కాగితంలో వడకడితే తేటనీరు లాంటి ద్రవం మిగులుతుంది. ఈ మెట్టు దాటకుండా ఏ రంగునూ నమ్మలేం. మాంసకృత్తులు ద్రవాన్ని మసకబరుస్తాయి, వాటికి అంటుకున్న ఫాస్ఫరస్ లెక్కను చెడగొడుతుంది. వడకట్టే కాగితంలోనే ఫాస్ఫరస్ మిగిలి ఉంటే అదీ ప్రమాదమే. అందుకే బూడిద మిగల్చని, శుద్ధి చేసిన కాగితం వాడాలి.

ఆ తేటలో సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించిన అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తారు. ఫాస్ఫేట్ ఉన్నచోట మాలిబ్డేట్ దాని చుట్టూ చేరుతుంది. ఒక్కో ఫాస్ఫరస్ పరమాణువు చుట్టూ 12 మాలిబ్డినం పరమాణువులు కూడి ఒక పెద్ద అణువు అవుతుంది. ఇక్కడే కొలతకు బలం వస్తుంది. కంటికి కనిపించని కొద్దిపాటి ఫాస్ఫరస్ పన్నెండింతల మాలిబ్డినాన్ని తనకు కట్టుకుని, రంగు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటుంది. కానీ ఈ దశలో ద్రవంలో చెప్పుకోదగ్గ రంగేమీ ఉండదు.

ఇక మూడో ద్రావణం. సుబ్బారావు పనితనాన్ని ఇందులోనే చూడాలి. ఫాస్ఫేట్‌తో కట్టుబడిన మాలిబ్డినాన్ని మాత్రమే క్షయకరణం చేసి నీలిరంగుగా మార్చాలి. విడిగా మిగిలిన మాలిబ్డేట్‌ను ముట్టుకోకూడదు. అందుకు వాళ్ళు ఎంచుకున్నది అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం. దాన్ని 195 మిల్లీలీటర్ల 15 శాతం సోడియం బైసల్ఫైట్ ద్రావణంలో అర గ్రాము వేసి, 5 మిల్లీలీటర్ల 20 శాతం సోడియం సల్ఫైట్‌తో కరిగిస్తారు. బైసల్ఫైట్ దాన్ని గాలికి చెడకుండా కాపాడుతుంది, కొద్దిపాటి సల్ఫైట్ పూర్తిగా కరిగేలా చేస్తుంది. ఈ కొలతలు ఆ తర్వాత ఎన్నో ప్రయోగశాలల పాఠ్యపుస్తకాల్లో చెక్కుచెదరకుండా వస్తూ ఉన్నాయి. రసాయనాల కొట్లో దొరికే ముడి సరుకును మళ్ళీ స్ఫటికాలు కట్టించి శుద్ధి చేసుకోవాలి, ద్రావణాన్ని ముదురు గోధుమరంగు సీసాలో దాచాలి. అశుద్ధమైన సరుకు వాడితే నీలం బదులు మురికి రంగు తేలుతుంది.

ఆమ్లం పాళ్ళు కూడా అంతే జాగ్రత్తగా తూచారు. ఆమ్లం తక్కువైతే విడి మాలిబ్డేట్ కూడా నీలమైపోయి, లేని ఫాస్ఫరస్ ఉన్నట్టు చూపిస్తుంది. ఎక్కువైతే రంగు ఆలస్యమవుతుంది. ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లంతో తీసిన నమూనాలో అప్పటికే ఆమ్లం ఉంటుంది కాబట్టి, దానికి వాడే మాలిబ్డేట్ ద్రావణంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పాలు తగ్గించాలి. ఇలా రెండు రకాల మాలిబ్డేట్‌ను వేరువేరుగా చెప్పడంలోనే చేతిపని తెలిసినవాడి జాగ్రత్త కనిపిస్తుంది. వంట చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు కానీ ఏ పాత్రకు ఎంత మంట అని చెప్పేవాడి మాటే పనికొస్తుంది.

ఐదు నిమిషాలు. తేటద్రవం నీలమవుతుంది. పక్కనే తెలిసిన పరిమాణంలో ఫాస్ఫేట్ కలిపిన మరో గొట్టం, అదే ద్రావణాలతో, అదే సమయానికి సిద్ధమై ఉంటుంది. ఆ రోజుల్లో డుబాస్క్ కలరీమీటరు వాడేవారు. రెండు గాజు గిన్నెలు, పైన ఒకే కంటికి రెండు సగాలుగా కనిపించే గుండ్రటి చట్రం. గిన్నెను పైకీ కిందికీ జరుపుతూ రెండు సగాల నీలం ఒకటయ్యేదాకా చూడాలి. ఒకటయిన చోట లోతులు చదివి లెక్కగడితే రక్తంలో ఫాస్ఫరస్ ఎంతో తేలుతుంది. ఇదే సీరం మీద, మూత్రం మీద, కండరాల సారం మీద, తిండి పదార్థాన్ని ఆమ్లంలో మాడ్చి తీసిన ద్రవం మీద చేయొచ్చు. ఒక పద్ధతి ఇన్ని చోట్ల ఒకేలా నిలవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

రంగు ఆలస్యమైతే

మంచి పరికరానికి గుర్తు ఒకటుంది. అది తప్పినప్పుడు ఎందుకు తప్పిందో కూడా చెబుతుంది. కండరాల సారంలో ఫాస్ఫరస్ కొలుస్తుంటే రంగు ఐదు నిమిషాల్లో పూర్తిగా రాలేదు. క్రమంగా ముదురుతూ పోయింది. పనివాడు అజాగ్రత్తపరుడైతే ద్రావణాలు పాడయ్యాయనుకుని పారబోసేవాడు. ఫిస్కే, సుబ్బారావులకు తమ రంగు మీద నమ్మకం ఉంది. నమూనాలోనే ఏదో పదార్థం ఆమ్లంలో విడిపోతూ కొంచెం కొంచెంగా ఫాస్ఫేట్‌ను వదులుతోందని అర్థం చేసుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. ఇంచుమించు అదే సమయంలో లండన్‌లో ఎగిల్‌టన్ దంపతులూ ఆ పదార్థపు జాడ పట్టారు. 1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరాల నుంచి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. కండరం కదలడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు, ఒక గొట్టంలో నీలం ఆలస్యంగా రావడాన్ని గమనించిన కళ్ళ నుంచి వచ్చింది.

డయాలసిస్ లెక్క

మనిషి రక్తంలో ఫాస్ఫరస్‌ను ఇలా సునాయాసంగా కొలవడం అలవాటయ్యాకే కిడ్నీ, ఎముక సంబంధం మీద గట్టి ప్రయోగాలు సాధ్యమయ్యాయి. 1960లు, 70లలో అమెరికాలో నీల్ బ్రికర్, ఎడువార్డో స్లాటోపోల్స్కీ కుక్కల మీద చేసిన పనిలో, కిడ్నీ చెడిన కొద్దీ తిండిలో ఫాస్ఫరస్‌ను ఆ మేరకు తగ్గిస్తూ పోతే పీటీహెచ్ పెరగడం ఆగుతుందని తేలింది. ఫాస్ఫరస్‌ను అదుపులో ఉంచితే ఎముకను కాపాడవచ్చన్న నేటి వైద్యానికి పునాది అది.

ఆ నీలి తూకం లేకపోతే డయాలసిస్ రోగికి ఈ లెక్క చెప్పగలిగేవాళ్ళం కాదు. రోజూ తిండిలో 1000 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ వెళ్ళిందనుకుందాం, అందులో 60 శాతం ఒంటికి పట్టిందనుకుందాం. రోజుకు 600, వారానికి 4200 మిల్లీగ్రాములు. నాలుగు గంటల డయాలసిస్‌లో ఒక్కో విడతకు సుమారు 600 నుంచి 1000 మిల్లీగ్రాముల దాకా బయటికి వస్తుంది. సగటున 800 అనుకున్నా, వారానికి మూడు విడతలకు 2400. ఇంకా 1800 ఒంట్లోనే ఉండిపోతుంది. మన దగ్గర చాలామంది ఖర్చు వల్లనో, దూరం వల్లనో వారానికి రెండు విడతలే చేయించుకుంటారు. వాళ్ళకు మిగిలేది 2600.

మిషన్ రక్తాన్ని శుభ్రం చేస్తున్నప్పుడు మొదటి గంటలోనే రక్తంలోని ఫాస్ఫరస్ వేగంగా పడిపోతుంది. అసలు నిల్వ కణాల్లోనూ ఎముకలోనూ ఉంది కాబట్టి అక్కడి నుంచి రక్తంలోకి నెమ్మదిగా ఊరుతుంది. మిషన్ ఆపాక మళ్ళీ పెరుగుతుంది. డయాలసిస్ సమయం పెంచితే ఫాస్ఫరస్ బాగా తగ్గుతుందనీ, వేగం పెంచినంత మాత్రాన సరిపోదనీ వైద్యులు చెప్పేది ఇందుకే. విడత మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళు పోగొట్టుకునేది సరిగ్గా ఈ చివరి గంటల్లో వచ్చే ఫాస్ఫరస్‌నే.

మిగులును ఆపడానికి మాత్రలున్నాయి. కాల్షియం ఎసిటేట్, కాల్షియం కార్బొనేట్, సెవలమర్, లాంథనం. ఇవి పేగులో తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుని మలంలో పంపేస్తాయి. అన్నం తినేటప్పుడే వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే పట్టుకోవడానికి అక్కడ ఫాస్ఫరసే ఉండదు. ఒక్కో మాత్ర పట్టేది కొద్ది పదుల మిల్లీగ్రాములే కాబట్టి తిండి జాగ్రత్త తప్పదు. అలాగని తిండి మానేయకూడదు. డయాలసిస్‌లో మాంసకృత్తులు కూడా పోతాయి కనుక రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. తెలివి ఎంపికలో ఉంది. గుడ్డు తెల్లసొనలో మాంసకృత్తులు ఎక్కువ, ఫాస్ఫరస్ చాలా తక్కువ. పచ్చసొనలో, పాలలో, ముళ్ళతో సహా నమిలే ఎండుచేపల్లో ఫాస్ఫరస్ ఎక్కువ. కందిపప్పులో ఉన్న ఫాస్ఫరస్‌లో చాలావరకు ఫైటేట్ రూపంలో ఉంటుంది, దాన్ని మన పేగు పూర్తిగా పీల్చుకోలేదు. ఉడికించి నీళ్ళు వార్చేస్తే ఇంకొంత పోతుంది. రంగు కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ మాంసంలో, చీజ్‌లో నిల్వ కోసం కలిపే ఫాస్ఫేట్ మాత్రం దాదాపు అంతా ఒంటికి పడుతుంది. మానేయాల్సినవాటిలో ముందు వరస ఇవే.

ఎముకలో పసుపుపచ్చ గీతలు

రక్తంలో అంకె తెలిసినా ఎముక లోపల ఏం జరుగుతోందో పూర్తిగా తెలియదు. ఒకే నొప్పి, ఒకే విరగడం వెనక రెండు పూర్తి వ్యతిరేకమైన స్థితులు ఉండొచ్చు. పీటీహెచ్ ఎక్కువై ఎముక అతివేగంగా కరిగి, అతివేగంగా కట్టుకోవడం ఒకటి. కాల్షియం, విటమిన్ డి మోతాదు మించడం వల్లనో, మధుమేహం వల్లనో, వయసు వల్లనో ఎముక పనే ఆపేసి చచ్చుబడి ఉండడం ఇంకోటి. మొదటిదానికి ఇచ్చే మందు రెండోదానికి హాని చేస్తుంది. ఎముక సాంద్రత చెప్పే డెక్సా స్కాన్ ఈ తేడాను చెప్పలేదు. తేడా చెప్పేది ఎముక ముక్కను నేరుగా చూడడమే.

దాని కోసం వాడే పనిముట్టు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్. 1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు చేరి, పరిశోధన విభాగాన్ని నడిపించారు. అక్కడే 1945లో బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టి నమూనాలో దొరికిన సూక్ష్మజీవి నుంచి బంగారురంగు మందు తీశాడు. 1948లో లోకానికి తెలిసిన ఆ ఆరియోమైసినే టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. తర్వాత ఫైజర్‌లో లాయిడ్ కొనోవర్ దాని నుంచి క్లోరిన్ తీసేసి టెట్రాసైక్లిన్ తయారుచేశాడు.

ఈ మందులకు కాల్షియాన్ని పట్టుకునే గుణం ఉంది. కొత్తగా గట్టిపడుతున్న ఎముక అంచున చేరి అక్కడే ఇరుక్కుపోతాయి, అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరుస్తాయి. చిన్నపిల్లలకు వాడితే పళ్ళు రంగు మారడానికి కారణమైన గుణమే ఇక్కడ పనికొచ్చింది. 1957లో మిల్చ్ తదితరులు ఎముకలో ఈ మెరుపును చూపించారు. తర్వాత డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రిలో హెరాల్డ్ ఫ్రాస్ట్ దాన్ని కచ్చితమైన కొలతగా మలిచాడు.

పని ఇలా సాగుతుంది. రోగికి రెండు మూడు రోజులు టెట్రాసైక్లిన్ ఇస్తారు. పది పన్నెండు రోజులు ఆపుతారు. మళ్ళీ రెండు మూడు రోజులు ఇస్తారు. కొద్ది రోజుల తర్వాత తుంటి ఎముక పై అంచు దగ్గర మత్తు సూది వేసి, గుండ్రటి బోలు సూదితో కొన్ని మిల్లీమీటర్ల మందం ఎముక ముక్క తీస్తారు. మామూలు పరీక్షల్లో చేసినట్టు దాన్ని ఆమ్లంలో వేసి కాల్షియం కరిగించకూడదు. కరిగిస్తే గీతలూ పోతాయి, అసలు ప్రశ్నకు జవాబూ పోతుంది. అందుకని ముక్కను ప్లాస్టిక్‌లో పోతపోసి గట్టిపరిచి, టంగ్‌స్టన్ కార్బైడ్ కత్తితో మిల్లీమీటరులో కొన్ని వేలవంతుల మందం పొరలుగా కోస్తారు. ఎముకంత గట్టి వస్తువును చిట్లకుండా, ముడతలు పడకుండా అంత పల్చగా కోయడం ఏళ్ళ అభ్యాసంతో వచ్చే చేతివాటం.

ఆ పొరను అతినీలలోహిత కాంతి కింద సూక్ష్మదర్శినిలో పెడితే చీకటిలో రెండు సన్నటి పసుపుపచ్చ గీతలు పక్కపక్కన కనిపిస్తాయి. మొదటిది మొదటి విడత మందు చేరిన నాటి ఎముక అంచు, రెండోది రెండో విడత నాటిది. మధ్య దూరం 9 మైక్రాన్లు, రోజులు 12 అయితే ఎముక రోజుకు ముప్పావు మైక్రాన్ చొప్పున కట్టుకుంటోందని లెక్క. గీతలు దట్టంగా, ఎక్కువ చోట్ల ఉంటే ఎముక ఉరకలు వేస్తోంది. గీతే లేకపోతే లేదా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే అది నిద్రపోయింది. గట్టిపడని మెత్తటి పొర వెడల్పుగా ఉండి, గీతలు పూసినట్టు చెదిరిపోతే ఖనిజం చేరడం లేదని అర్థం.

ఈ మూడో రకం ఒకప్పుడు ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌ను కలవరపెట్టింది. 1970లలో అక్కడ డయాలసిస్ రోగుల ఎముకలు వరసగా విరిగాయి. విటమిన్ డి ఇచ్చినా ఫలితం లేదు. ఎముక ముక్కలు ఖనిజం చేరడం లేదని చూపించాయి. అప్పుడు చూపు డయాలసిస్‌కు వాడే నీటి వైపు మళ్ళింది. కుళాయి నీటిని తేర్చడానికి పటిక కలిపేవారు, అందులోని అల్యూమినియం రోగి రక్తంలోకి చేరేది. 1978లో వార్డ్ బృందం నీరే మూలమనీ, అల్యూమినియమే కారణం కావచ్చనీ ప్రకటించింది. మరుసటి ఏడు పార్కిన్‌సన్ బృందం బ్రిటన్‌లోని పలు కేంద్రాల లెక్కలు సేకరించి బలపరిచింది. ఇవాళ ప్రతి డయాలసిస్ కేంద్రం వెనక నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు ఉండడానికి ఒక కారణం ఆ ఎముకలు చెప్పిన సాక్ష్యం.

నేటికీ అదే పునాది

ఇప్పుడు ల్యాబుల్లో డుబాస్క్ కలరీమీటరు లేదు. ఆటో ఎనలైజరు పని చేస్తుంది. చాలా యంత్రాలు నీలం దాకా వెళ్ళకుండా ఫాస్ఫేట్, మాలిబ్డేట్ కలిసిన అణువునే 340 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో చదువుతాయి. కానీ ఆమ్లంలో మాలిబ్డేట్ ఫాస్ఫరస్ చుట్టూ చేరడమే నేటికీ కొలతకు ఆధారం. జాగ్రత్తలూ అవే. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే లోపలి ఫాస్ఫరస్ బయటికొచ్చి అంకె పెరుగుతుంది. నమూనాను గంటల తరబడి అలాగే ఉంచి సీరం వేరుచేయకపోయినా అంతే. డయాలసిస్ అయ్యాక రక్తం తీస్తే అంకె తక్కువ చూపి మోసం చేస్తుంది. అందుకే మిషన్‌కు కట్టకముందే తీయాలి. ఫిస్టులా దగ్గర సూది పెట్టే టెక్నీషియన్ నుంచి రిపోర్టు రాసే ల్యాబు దాకా ప్రతి చేయీ సుబ్బారావు పాటించిన శ్రద్ధకు వారసురాలే.

ఈ అంకెల అవసరం మన దగ్గరే కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం ఇంకా తేలని కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుదేలు చేసింది. సోంపేట, పలాస లాంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు వచ్చాక ఆ ఊళ్ళ మనుషులు డయాలసిస్ మీద ఎక్కువ కాలం బతుకుతున్నారు. ఎక్కువ కాలం బతకడమంటే ఎముక సమస్య ముందుకు రావడమే. జీడి, కొబ్బరి తోటల్లో పని చేసుకుని బతికే మనిషికి తుంటి విరిగితే ఇల్లంతా కూలుతుంది. ఎముక ముక్క తీసి చూసే బయాప్సీ ప్రపంచమంతా అరుదే. కానీ ఫాస్ఫరస్, కాల్షియం, పీటీహెచ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్షలు జిల్లా స్థాయిలో చేయగలిగినవే. ఒక్కసారి అంకెను బట్టి కాకుండా, నెలల తరబడి అంకెల పోకడ చూసి వైద్యం మార్చాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెరిగిన ఫాస్ఫరస్‌ను మామూలు హద్దు వైపు దించాలి. పీటీహెచ్‌ను మామూలు పైహద్దుకు రెండు నుంచి తొమ్మిది రెట్ల మధ్య నిలపాలి. మరీ తక్కువకు తొక్కేస్తే ఎముక నిద్రపోతుంది.

సుబ్బారావు డయాలసిస్ రోగుల కోసం ఆ పద్ధతి కనిపెట్టలేదు. 1925లో డయాలసిస్ మీద బతికే రోగులే లేరు. ఆయన చేసింది నిజాయితీ గల కొలత ఒకటి తయారుచేయడం. ఆమ్లం పాలు దగ్గర, కాగితం దగ్గర, సీసా రంగు దగ్గర కూడా రాజీ పడకపోవడం. అలాంటి కొలత తనను తయారుచేసినవాడు ఊహించని రోగులకు కూడా అన్నం పెడుతుంది. ఆయన చేసిన పనులన్నిటిలో ఇది చిన్నదిగా కనిపించవచ్చు. నా లెక్కలో ఇది మొదటి వరసలో నిలబడే పని.

డయాలసిస్ మీద ఉన్నవారికీ, వారి ఇంటివారికీ ఒక మనవి. ఈ నెల రిపోర్టులో ఫాస్ఫరస్ వరస వెతకండి. ఎంతుందో, పోయిన మూడు నెలల్లో ఎంతుందో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. పీటీహెచ్ ఎప్పుడు చేశారో అడగండి. మాత్ర అన్నంతో పాటే వేసుకోండి, విడత పూర్తయ్యేదాకా మంచం దిగకండి. మందులు మార్చాలన్నా, ఆపాలన్నా మీ నెఫ్రాలజిస్టుతో మాట్లాడాకే చేయండి. అంకె పెరిగితే ఎందుకు పెరిగిందని అడగడానికి మొహమాటపడకండి. అది మీ ఎముక గురించి మీకు ఉన్న హక్కు.